పలకల గుంతల దారిలో

మాది అర్ధవీడు పక్క. పెళ్ళి కాకముందు మేకల వెంట తిరుగుతూ పెరిగినదాన్ని. తెల్లదొరల కాలంలోనే నన్ను మార్కాపురం తాలూకా కచేరీ గుమాస్తాకు ఇచ్చినారు. ఆ ఇంటి ఆడవాళ్ళు పొలానికి పోరు, సంతకు పోరు. బావి పెరట్లోనే ఉంది. లేచింది మొదలు పనే గానీ, ఆ పనంతా వాకిలికీ వంటింటికీ మధ్యనే.

రెండో కాన్పు తర్వాత ఒళ్ళు బరువెక్కింది. కాళ్ళు పీకేవి. నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని ఉండేది. మా ఆయన ఆస్పత్రికి తీసుకపోతే, డాక్టరు నా వైపు చూడకుండా ఆయనతోనే మాట్లాడినాడు.

"మందు అక్కరలేదు. రోజూ కొంచెం దూరం నడవమనండి."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్త నవ్వింది. "పొద్దస్తమానం తిరుగుతానే ఉంది గదా. ఇంకా నడకేంది?"

"తీరిక దొరికినప్పుడు పోయి రా" అన్నాడు మా ఆయన. మంచి మనసుతోనే అన్నాడు.

ఆ తీరిక ఎక్కడుందో నాకు కనపడలేదు. తెల్లవారితే కల్లాపి, పాలు, ఆయన కచేరీకి పోయేలోపల అన్నం. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయేవాళ్ళు గానీ ఆ ఎండకు వీధిలో కాలు పెట్టలేం. చల్లబడేసరికి పిల్లలకు ఆకలి, దీపాల వేళ. రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటూనే నెలలు గడిచినాయి. చంటిదాన్ని చంకనేసుకుని బావి చుట్టూ, వాకిట్లో తిరిగేదాన్ని. అత్త పిలిచినా వినపడేది కాదు.

రోజూ వెలుగు రాకముందే పలకల గుంతల్లో బడిపలకల రాయి తీసే పనికి పోయే ఆడవాళ్ళు మా వాకిలి ముందు నుంచి పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకామె అప్పుడప్పుడు మంచినీళ్ళు అడిగేది. ఒకరోజు చెంబు తిరిగి ఇస్తూ అడిగింది. "ఏందక్కా, ఎప్పుడు చూసినా వాకిట్లోనే తిరుగుతుంటావు?"

డాక్టరు మాట చెప్పినాను.

"అట్లయితే మాతో రారాదా? ఊరి చివర దాకా వచ్చి మళ్ళుకో."

మరుసటి రోజు ఎవరినీ అడగకుండా పోయినాను. వాళ్ళది నడక కాదు, పరుగే. ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడు. నేను వెనకబడితే నవ్వుతూ ఆగేవాళ్ళు. తిరిగి వచ్చేసరికి స్నానానికి నీళ్ళు కాగలేదు. ఆయన చన్నీళ్ళే పోసుకుని కచేరీకి పోయినాడు. అత్త అన్నది.

"పలకలు కొట్టబోతాందా నీ కోడలు అని ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాలి?"

"నడవబోయిందని చెప్పత్తా."

"ఊరికే నడుస్తారా ఎవరన్నా?"

అయినా మళ్ళీ పోయినాను. వాళ్ళు వాకిట్లోకొచ్చి పిలుస్తుంటే లోపల ఉండలేకపోయేదాన్ని. ఆ వేళ నాది కాదు, వాళ్ళది. అందుకే ఒక్కరోజు కూడా తప్పలేదేమో. కాళ్ళ పీకుడు తగ్గింది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. గుంతల్లో నీళ్ళు నిలిచి పని ఆగిపోయింది. ఆ వేళకు మెలకువైతే వచ్చేది. వాకిట్లో నిలబడి వీధి రెండు వైపులా చూసేదాన్ని. అంతలో ఏదో ఒక పని లోపలికి లాగేది. మళ్ళీ పాత ఆరాటమే. కడిగిన గిన్నెలే కడిగేదాన్ని, సర్దిన మూటలే సర్దేదాన్ని. పిల్లల మీద విసుక్కునేదాన్ని.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున అత్త కొంగు బిగించుకుని గడపలో నిలబడింది.

"పా."

"ఎక్కడికత్తా?"

"బయట నడవకపోతే ఇంట్లో నడుస్తున్నావు. చూసేదానికి నాకు తల తిరుగుతాంది."

ఆమెది నిదానం. నేను ముందుకు పోయి, మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చి, మళ్ళీ ముందుకు పోయేదాన్ని. ఒక అరుగు మీది నుంచి ఎవరో అడిగినారు. "ఇద్దరూ ఎక్కడికి పెద్దమ్మా?"

"ఊరికే" అన్నది మా అత్త, ఆగకుండానే.

ఆయనకు గిద్దలూరు బదిలీ అయింది. అత్త చిన్న కొడుకు దగ్గర ఉండిపోయింది. కొత్త ఊర్లో నడకకు ఒక వేళ కుదుర్చుకుంటే జ్వరాలో, కాన్పో వచ్చి దాన్ని తీసుకపోయేవి. మళ్ళీ ఇంకో వేళ వెతుక్కునేదాన్ని.

పిల్లలు పెద్దవాళ్ళయి కోడలు వచ్చినాక రోజంతా నాదే అయింది. ఇక ఇష్టమొచ్చినంత నడవచ్చు అనుకున్నాను. జరిగింది వేరు. పొద్దున్న పోవాల్సింది సాయంత్రానికి, సాయంత్రానిది రేపటికి జరుగుతూ పోయింది. ఇంత తీరికలో నేను నడిచేది చాలా తక్కువ. ఈ నాలుగు మాటలు రాసేలోపలే ఎన్నిసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నానో.

నిన్న పక్కింటామెను అడిగినాను, తెల్లారి పాలకు పోయేటప్పుడు నన్నూ ఒక కేక వేయమని. వేస్తానన్నది.