మార్కర్ ఆమె చేతికిచ్చిన రోజు

రెండువేల ఐదు వేసవిలో నన్ను పంజాగుట్ట సెంటర్‌కు సీనియర్ కౌన్సెలర్‌గా వేశారు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కుటుంబ సలహా కేంద్రం అది. కింద మందుల షాపు, పైన మా రెండు గదులు. కిటికీ తీస్తే సిగ్నల్ దగ్గర హారన్లు, మూస్తే ఉక్క. అయినా ఆ గదుల మీద నాకు ఇప్పటికీ బెంగే.

ఆ రోజుల్లో అమీర్‌పేట గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. మహేందర్ (పేర్లు మార్చాను) అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్యాకల్టీ, కరీంనగర్ వైపు మనిషి. అనురాధది తెనాలి. ఆయన క్లాసులో చదువుకుని, ఆయన్నే పెళ్లి చేసుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. రెండేళ్లు తిరక్కుండానే లేడీస్ హాస్టల్‌కు వెళ్లిపోయింది. విడాకులకు రెండు వైపుల పెద్దలూ సరేనన్నారు. లాయరు దగ్గరికి వెళ్లేముందు ఒక నెల మా దగ్గరికి రావడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టడాన్ని మేం జాయింట్ సిట్టింగ్ అనేవాళ్లం. తప్పెవరిదో తేల్చడం పంచాయితీ పెద్దల పని. ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో ఆ ఇద్దరికీ కనబడేలా చేయడం మా పని.

మొదటి రెండు సిట్టింగుల్లో మహేందర్ గొడవలన్నీ తేదీల వారీగా, వరస తప్పకుండా చెప్పాడు. అనురాధ మొదలుపెట్టి మధ్యలో ఆపేసేది. నేనూ ఆయన మాటలే రాసుకున్నాను. పద్ధతిగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ మోజు.

మూడోసారి ఆయన లేచి, గోడకున్న తెల్లబోర్డు మీద తమ సమస్యను నాలుగు పాయింట్లుగా రాసేశాడు. అందులో అనురాధ మాట ఒక్కటీ లేదని అప్పుడు తట్టి, నేను బోర్డు తుడిచి, తన వైపు సంగతి రాయమని మార్కర్ ఆమె చేతికిచ్చాను. ఆమె ఆలోచిస్తూ నిలబడింది. అర నిమిషం కాలేదు, కుర్చీలోంచి మహేందర్, "ముందుగాల హెడ్డింగ్ రాయి అనూ" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "చూశారా మేడమ్? ఇంట్లోనూ ఇంతే. నేను నోరు తెరిచేలోపే దిద్దేస్తారు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన మాత్రం తల దించుకున్నాడు. "నా దగ్గర నేర్చుకున్నోళ్లంత జాబులొచ్చి పోయిండ్రు మేడమ్. నేను గాడనే ఉన్న. నేర్పుడు అయిపోతే ఈమె సుత పోతదని భయం" అన్నాడు.

"పోయేదాన్నైతే ఇక్కడికెందుకు వస్తాను? ఈ మాట నాతో ఒక్కసారైనా అన్నారా?" అని అనురాధ ఏడ్చేసింది.

ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదది. రోజూ సాయంత్రం పావుగంట కలుసుకోమన్నాను. ఆమె తన ఆఫీసు సంగతులు చెప్పాలి, ఆయన సలహా ఇవ్వకుండా విన్నది మాత్రమే తిరిగి చెప్పాలి. మొదటివారం ఆయన వల్ల కాలేదు. "జర కష్టమే మేడమ్, నోరు ఊకుంటలేదు" అని ఒప్పుకున్నాడు. నెల గడువు కాస్తా మూడు నెలలైంది. నాలుగో నెలలో ఆమె హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వెళ్లింది. పోట్లాటలు మాత్రం మానలేదని తర్వాత ఫోన్లో చెప్పింది, నవ్వుతూనే.

చక్కగా చెప్పగలిగినవాళ్లు అంతా చెప్పేశారనుకోవడం మా వృత్తిలో కొత్తవాళ్లు చేసే తప్పు. పదకొండేళ్ల సర్వీసు తర్వాత నేను చేశాను. ఇంకో రెండు సిట్టింగులు అలాగే నడిపి ఉంటే, ఆ కాపురం నా చేతుల మీదుగానే లాయరు దగ్గరికి వెళ్లేది.