మా వీధి టీచరు గారు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. ప్రార్థనలో దేవుడికి చెప్పాను, కానీ అక్కడ కూడా చుట్టూ తిప్పే చెప్పాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు తిన్నగా చెబుతున్నాను. మా అమ్మను ఎవరూ లేని మనిషిగా చూపించి వృద్ధాశ్రమంలో చేర్చాను.

అప్పుడు మేం పాలకొల్లులో అద్దెకుండేవాళ్ళం. నేను ప్రైవేటు స్కూల్లో టీచరుని, మా ఆయన రైసుమిల్లులో గుమస్తా. అమ్మ మాతోనే ఉండేది. నాన్న పోయాక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి నన్ను టీచర్ ట్రైనింగు చదివించిన మనిషి. కుళాయి దగ్గర జారిపడి తుంటి విరిగాక, కర్ర ఉన్నా ఒకరి సాయం లేనిదే నడవలేకపోయేది. మేమిద్దరం పనికి పోతే ఆమె మంచం మీదే, ఒక్కోరోజు తడిసిన చీరతోనే, నేను వచ్చేదాకా. సెలవులు పెడితే ఉద్యోగం ఉండదని స్కూలు కరస్పాండెంటు గారు మర్యాదగానే చెప్పారు.

రాజమండ్రిలో డబ్బు కట్టే ఆశ్రమం ఒకటి చూసొచ్చాను. గోదావరి గట్టుకి దగ్గర. మంచి గాలి, వెలుతురు, పిలిస్తే పలికే నర్సు. నెలనెలా కట్టాల్సింది నా జీతంలో సగం పైనే. కట్టగలమా? కట్టగలం. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కట్టలేకపోయామనే నేను చాలాకాలం నాకు చెప్పుకున్నాను. అప్పటికే మా స్థలంలో కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి. వానలు పడేలోపు స్లాబు వేయాలని మేస్త్రి రోజూ అంటున్నాడు. మా ఆయన బలవంతపెట్టలేదు. మీ అమ్మ, నీ ఇష్టం అన్నారు. అవును, ఇష్టం నాదే.

మొగల్తూరు అవతల డబ్బు తీసుకోని ఆశ్రమం ఉందని ఎవరో అనగా విన్నాను. పిల్లలూ తోబుట్టువులూ లేనివాళ్ళకే అక్కడ చోటు. ఒక మంచం ఖాళీ ఉందని కనుక్కుని ఆ వారమే అమ్మను తీసుకెళ్ళాను. డబ్బడగని మంచి చోటని మాత్రం అమ్మకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఎలా చెప్పను? బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేపల చెరువులు చూస్తూ, పొద్దున ఏవన్నా తిన్నావటే అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

ఆశ్రమం వరండాలో వార్డెను గారు, కళ్ళద్దాలావిడ, మీరీమెకు ఏమవుతారని నన్ను అడిగారు. వీళ్ళ వీధిలో ఉంటానండి, పాపం ఎవరూ లేరని తీసుకొచ్చాను అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉంది. కాళ్ళు పోయాయి గానీ ఆమె చెవులు బాగానే ఉన్నాయి. నేను ఆమె వైపు చూడలేదు.

"మీకు పిల్లలు లేరా మామ్మగారూ?" అని ఆవిడ ఈసారి అమ్మనే అడిగారు.

అమ్మ తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపు నేను ఏం కోరుకున్నాను? నిజం చెప్పేయమ్మా అని కోరుకున్నట్టు రాయాలని ఉంది. కానీ అది అబద్ధం. చెప్పకూడదనే కోరుకున్నాను.

"లేరండి," అంది అమ్మ. "ఈవిడ మా వీధి టీచరు గారండి. నాకేం కావాలన్నా ఈవిడే చూసుకుంటారు. మంచావిడండి."

అని, నా చెయ్యి వదిలి కర్ర పట్టుకుంది.

అమ్మ మా పిన్ని దగ్గరికి వెళ్ళిందని చర్చిలో చెప్పాను. నెలకోసారి కమలాపళ్ళు తీసుకుని ఆశ్రమానికి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే, రండి టీచరు గారూ, కూర్చోండి అనేది. పదిమందిలో అంటే సరే. ఒకసారి మేమిద్దరమే ఉన్నప్పుడు, ఇప్పుడెవరూ లేరు కదమ్మా, మామూలుగా మాట్లాడు అని బతిమాలాను. అలవాటు తప్పితే నోరు జారుద్దండి, మీకే ఇబ్బంది అంది. కోపంతో అందా? నన్ను కాపాడాలని అందా? కోపమే అయితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. కాపాడాలనే అయితే, ఆ కొత్త స్లాబు కింద నేను సుఖంగా నిద్రపోవాలని కూడా ఆమె ప్రార్థన చేసే ఉంటుంది.

ఇల్లు పూర్తయ్యాక అమ్మను తెచ్చుకుందామనుకున్నాం. పూర్తయింది. కానీ ఇప్పుడు తీసుకుపోతానంటే వార్డెను గారు ఏమనుకుంటారు? చర్చిలో ఏమంటారు? ఈ ప్రశ్నలను అడ్డం పెట్టుకుని వానాకాలాలు గడిపేశాను. ఈలోగా అమ్మ పోయింది.

సమాధుల దగ్గర ఆశ్రమానికి వచ్చే పాస్టరు గారు ప్రార్థన ముగించి మట్టి వేయమన్నారు. మాలో మొదటి పిడికెడు కన్నపిల్లలు వేస్తారు. ఎవరు వేస్తారా అని అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వార్డెను గారు నా దగ్గరికి వచ్చి, ఆమెకు దగ్గరివాళ్ళంటే మీరే, ముందు మీరే వేయండి అన్నారు. అంతకన్నా మంచి అవకాశం నాకు ఎవరిస్తారు? నేను వెనక్కి తగ్గాను. ఇక్కడివాళ్ళే ఆమెకు అయినవాళ్ళండి, వాళ్ళనే వేయమనండి అన్నాను. నా వినయానికి ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. పక్క మంచం మామ్మగారు వంగలేక వంగి మొదటి పిడికెడు వేసింది. నాది మధ్యలో ఎక్కడో పడింది. ఏడిస్తే బయటపడిపోతానని ఏడవలేదు కూడా.

ఏటా అమ్మ పోయిన రోజున ఆశ్రమంలో భోజనం పెట్టిస్తాను. అన్నానికి ముందు, ఎవరి జ్ఞాపకార్థమో అందరికీ చెబుతారు. మా నాన్న పేరు చెప్పిస్తాను. ముసలివాళ్ళు నన్ను దీవిస్తారు. నేను తలవంచుకుని తీసుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసిన మనిషి లేదు. ఉన్నా, ఏం పరవాలేదు టీచరు గారూ అంటుందేమోనని భయం. ఆ వరండాలో అడిగిన ప్రశ్నకు మాత్రం ఇప్పుడు జవాబు చెబుతాను. వార్డెను గారూ, సుగుణమ్మకు ఒక కూతురుందండి. ఆమె చెయ్యి పట్టుకుని ఆ రోజు మీ ముందు నిలబడ్డది నేనే.