ఇరవై ఏడు అంగుళాల బల్ల

ఆమె బస్సు దిగినప్పుడు కోట ఊళ్ళో టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. మద్రాసు నుంచి దొరసాని వస్తోంది, ఎదురెళ్ళి తీసుకురమ్మని పెద్దాసామి నన్ను పంపించాడు. దొరసాని అంటే తెల్లగా ఉంటుందనీ, టోపీ పెట్టుకుంటుందనీ అనుకున్నాను. దిగింది నల్లటి అమ్మాయి. పొడుగ్గా ఉంది, ఇరవై నాలుగేళ్ళకు మించి ఉండవు. ఒక చేతిలో రేకుపెట్టె, చంకలో చుట్టిన కాగితాలు. ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని నేను బస్సు మెట్లకేసి చూస్తూ ఉండిపోయాను. ఆమె అది కనిపెట్టి, "మీరు చూస్తున్నది నాకోసమే," అంది ఇంగ్లీషులో, నవ్వుతూ. ఇది అరవయ్యో దశకం మొదట్లో మాట. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను వడ్రంగిని. మిషన్ వాళ్ళ పనిబడిలో చెక్కపనితో పాటు కాస్త ఇంగ్లీషు కూడా అబ్బింది. అందుకే పెద్దాసామి ఆమె మాటలు తెలుగులో చెప్పే పని కూడా నాకే అంటగట్టాడు. ఆయన మా పక్క పల్లెలో పెద్ద మాగాణి రైతు. పాత ఇంటి పక్కనే కొత్త మిద్దె కట్టిస్తున్నాడు. మద్రాసులో బావమరిది ఇంటి హాలు చూసొచ్చినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. అంతకంటే బాగుండాలని ఆ హాలు తీర్చిదిద్దిన కంపెనీకే రాశాడు. కంపెనీ ఈమెను పంపింది.

ఈమెది ఆఫ్రికాలో కెన్యా. స్కాలర్‌షిప్ మీద మద్రాసు వచ్చి, ఇంటి లోపల తీర్చిదిద్దే పని చదువుకుని, ఆ కంపెనీలో పని నేర్చుకుంటోంది. బండిలో వస్తూ తన సంగతంతా చెప్పింది. వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం రాబోతోంది. కొత్త ఆఫీసులు, కొత్త ఇళ్ళు వస్తాయి. కానీ అక్కడ ఆ పని చేసేది ఇప్పటిదాకా తెల్లవాళ్ళే. ఈ ఇంటి యజమాని సంతోషపడి కాగితం మీద సంతకం పెడితే, ఈమె సొంతంగా పని చేయగలదని కంపెనీ రాసిస్తుంది. పెట్టకపోతే వట్టి చేతులతో పోవాలి. స్కాలర్‌షిప్ ఆ నెలాఖరుకే అయిపోతుంది.

నేను సానుభూతిగా తలూపాను గానీ, లోపల మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. ఇల్లు కట్టేది మేస్త్రీ, చెక్కపని చేసేది నేను, మధ్యలో ఈమె చేసేదేమిటి? నాకు ముక్కు మీదే కోపం. పైగా ఆ తాలూకాలో నాలాగా కుర్చీ చేసేవాడు లేడని నా నమ్మకం.

మూడు రోజులు ఆమె గీత గీయలేదు. మా పాస్టరమ్మగారింట్లో బస. పొద్దున్నే చేపల పులుసుతో అన్నం తిని, నడుచుకుంటూ పెద్దాసామి ఇంటికి వచ్చేది. పాత ఇంట్లో ప్రతి మూలా కింద కూర్చుని చూసేది. గాలి ఏ కిటికీలోంచి ఎన్నింటికి వస్తుందో రాసుకునేది. ఇంట్లో కనిపించిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది, మీరు ఎక్కడ కూర్చుంటారని. పెద్దాసామి పడక్కుర్చీ చూపించాడు. చుట్టాలు అరుగు చూపించారు. పెద్దాసామి భార్యను అడిగితే ఆమె చీపురు ఆపలేదు.

"నేను యాడ కూర్చుంటా మే? నేను కూర్చుంటే ఈ ఇల్లు ఎట్టా నడవాల?"

నేను నవ్వి, ఆమె కూర్చోదని ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ రోజంతా ఆమె వెనకే తిరిగింది.

సాయంత్రం నన్ను పిలిచి పాత ఇంట్లో వంటింటి గుమ్మం చూపించింది. కుడివైపు ద్వారబంధానికి భుజమంత ఎత్తున నల్లగా, నున్నగా మరక. ఆ టేకు ద్వారబంధాన్ని ఊడదీసి కొత్త ఇంట్లో పెట్టాలనీ, ముందు ఆ జిడ్డంతా చిత్రిక పట్టి తీసేయాలనీ పెద్దాసామి నాతో చెప్పి ఉన్నాడు. అదేమిటని ఆమె అడిగింది. నూనె తల, నూనె చేతులు అన్నాను. హాల్లో మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఇంటామె అక్కడే ఆనుకుని నిలబడి వింటుంది, ఎవరికేం కావాలో చూస్తుంది. ముప్పై ఏళ్ళ నుంచీ అంతే. ఆ అమ్మాయి తన భుజం ఆ మరక మీద ఆనించి చాలాసేపు నిలబడింది. "చూశారా, ఈమె కూర్చునే చోటు ఇదే," అంది. ఆ గుమ్మంలో నేను ఎన్నిసార్లు తల వంచి దూరానో లెక్కలేదు. ఆ మరకలో నాకు జిడ్డు తప్ప ఇంకేమీ కనపడలేదు.

తర్వాత గీసింది. ఎంత వేగంగా గీసిందంటే నేను పెన్సిల్ చెక్కి ఇచ్చేలోపు ఇంకోటి అరిగిపోయేది. హాలుకు వెంకటగిరి నేత పరదాలు, సముద్రపు గాలి తగిలే కిటికీ వైపు తిప్పి బెత్తపు అల్లిక కుర్చీలు, బరువైన సోఫాల బదులు తేలికపాటి బల్లలు. అన్నీ నా చేత చేయించింది. నా పని చూసి ఒకసారి చేత్తో నిమిరి ఊరుకునేది. ఆ ఊరుకోవడం కోసం నేను రెండింతలు కష్టపడ్డాను. చివరి కాగితంలో కొత్త ఇంటి వంటింటి గుమ్మం పక్కన గోడలో లోతుగా ఒక గూడు, అందులో ఒక బల్ల. నేల నుంచి ఎత్తు ఇరవై ఏడు అంగుళాలు, కొంచెం ముందుకు వాలి ఉండాలని రాసింది.

ఇరవై ఏడు అంగుళాల ఎత్తున ఎవరు కూర్చుంటారు? పిల్ల పొరపాటు పడింది, నేనే సరిదిద్దుదామనుకున్నాను. అడగను కూడా అడక్కుండా పద్దెనిమిది అంగుళాలకు, చక్కగా, వాలు లేకుండా బిగించాను. ఇంటామె వచ్చి దాన్ని చూసి, ఎంతో సంబరపడి, దాని మీద వంకాయల గంప పెట్టి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి టేపు పెట్టి కొలిచింది. అరుస్తుందనుకున్నాను. నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, "ఆమె భర్త ముందు, చుట్టాల ముందు ఇంత కిందికి కూర్చుంటుందా?" అని అడిగింది. కూర్చోదు. నాకు తెలుసు. మా ఇళ్ళల్లో ఏ ఆడమనిషీ కూర్చోదు. "అందుకే ఈ ఎత్తు. పాదాలు నేల మీదే ఉంటాయి, బరువు మాత్రం బల్ల మోస్తుంది. చూసేవాళ్ళకు నిలబడినట్టే ఉంటుంది." నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆచారం నాకంటే ఆమెకే బాగా అర్థమైంది. దాన్ని ఎదిరించకుండానే దాని కింద నుంచి దారి తీసింది. మధ్యాహ్నం అన్నానికి కూడా వెళ్ళకుండా బల్ల పీకి, గూడు పైకి తవ్వించి, ఆమె చెప్పిన ఎత్తుకే బిగించాను. మర్నాడు పొద్దున కంపెనీ మేనేజరు వస్తున్నాడు.

ఆయన వచ్చాడు. పెద్దాసామి ఆయన్ని హాలంతా తిప్పి మురిసిపోయాడు. కుర్చీలో కూర్చుంటే గాలి ముఖానికే తగలడం చూసి, బావమరిదికి ఈ గాలి యాడుందని గట్టిగా నవ్వాడు. అందరికీ కాఫీలు వచ్చాయి. సంతకం పెట్టబోతూ పెద్దాసామి గుమ్మం పక్కన, భార్య వెనకనున్న గూడు చూశాడు.

"ఏందది?"

ఆ అమ్మాయి బతుకు ఆ సంతకం మీదే ఉంది. నేను అడ్డం పడి, "చెంబులూ గ్లాసులూ పెట్టుకునేదానికి సామీ," అన్నాను.

అన్ని రోజులుగా ఆ ఇంట్లో తిరిగి ఆమె నాలుగు తెలుగు మాటలు నేర్చుకుంది. "కాదు," అంది తెలుగులోనే. "అమ్మ కూర్చుంటుంది."

పెద్దాసామి ముఖం ముడుచుకుంది. కలం కాగితం మీద పెట్టేశాడు. "ముప్పై ఏండ్లయింది పెండ్లయి. ఆమె ఎప్పుడన్నా నా ముందర కూర్చున్నాదా? మీరొచ్చి కూర్చోబెడతారా?"

నేను దాన్ని ఇంగ్లీషులో ఎట్లా మెత్తగా చెప్పాలా అని వెతుక్కుంటుంటే, ఆమె నన్ను ఆగమని చెయ్యెత్తి, గుమ్మం వైపు చూపించింది. "ఇప్పుడు కూర్చుంది."

అందరం తిరిగి చూశాం. ఇంటామె ఎప్పటిలాగే గుమ్మం పక్కన నిలబడి ఉంది. కాదు, నిలబడలేదు. బల్ల మీద ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. మేం కాఫీ తాగినంతసేపూ అట్లాగే ఉంది. మా అందరి ఎదుటా కూర్చుని ఉంది, మాకెవరికీ తెలియలేదు. అందరూ చూడగానే ఆమె ఉలిక్కిపడి లేవబోయింది.

"ఉండు," అన్నాడు పెద్దాసామి. కాసేపు ఆమెనే చూశాడు. ఆ చూపు కోపమో కాదో నేను తేల్చుకోలేకపోయాను. "ఎట్టుండాది?" అని అడిగాడు.

ఆమె కొంగు సర్దుకుని, తల వంచుకుని, "ఇయ్యాల కాళ్ళు పీకడంలా," అంది.

పెద్దాసామి కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కాగితం పైభాగంలో మేనేజరు ఇంగ్లీషులో ఏవో మంచి మాటలు టైపు చేసి తెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి, అమ్మ ఏమందో నన్నడిగి తెలుసుకుని, పెద్దాసామిని ఆపి, ఆ మాట కూడా రాయాలంది. ఇట్లాంటిది సర్టిఫికెట్టులో ఉండకూడదని మేనేజరు అన్నాడు. పెద్దాసామి నా వంక చూసి, "రాయి," అన్నాడు. నేను కొలతలకు వాడే పెన్సిల్‌తో తెలుగులో రాశాను. ఆయన దాని కింద సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని, తనూ పలికింది. నేను నా పనిముట్లు సర్దుకునే నెపంతో పక్కకు తిరిగాను.

తర్వాత కొన్నాళ్ళకు నైరోబీ నుంచి ఉత్తరం వచ్చింది. సొంతంగా పని పెట్టుకుందట, చేతిలో రెండు ఇళ్ళు, ఒక ఆఫీసు ఉన్నాయట. ఆ కాగితం గోడకు తగిలించిందట. పని ఇవ్వడానికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ, కింద ఆ గుండ్రటి అక్షరాలేమిటని అడుగుతాడట. "మీ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు నిలబడేదెవరో ముందు కనుక్కుని రండి, అప్పుడు చెబుతాను" అని పంపించేస్తుందట.