ఇంటిపేరుతో పిలిచే మనిషి

ఆ రోజుల్లో ఏ విషయమైనా లెక్క వేస్తే తేలిపోతుందని నా నమ్మకం. (లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, అందుకే ఆ నమ్మకం అంత గట్టిగా ఉండేది.) అమెరికా వచ్చి మోరిస్‌విల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, శనివారాలు లైబ్రరీలో జరిగే ఫాంటసీ నవలల క్లబ్బుకి వెళ్లేవాణ్ణి. నవలల కోసమేనని మా రూమ్మేట్ వరంగల్ అన్నకి చెప్పేవాణ్ణి గానీ, అక్కడికి ఒక నెల్లూరి అమ్మాయి వచ్చేది. ఆమెకి ఎక్కడో దూరాన కాపెల్ అనే ఊళ్లో ఉద్యోగం దొరికిందని తెలిశాక, వెళ్లేలోగా ఒక్కసారి పక్కన కూర్చుని మనసులో మాట చెప్పాలనుకున్నాను. అవకాశం దానంతటదే వచ్చింది. మేం చదువుతున్న కథలో డ్రాగన్లు కాపలా కాసే ఒక ఇంగ్లీషు కోట ఉంది. అందులోని విందుని వేషాలు కట్టి జరపాలని క్లబ్బు తీర్మానించింది. ఆమె కోట యజమానురాలు.

ఆమె పక్కన కూర్చోవాలంటే కోటలో పెద్దవాడెవరో తేల్చాలి. అమెరికన్ సభ్యులంతా ప్రభువుల వేషాలకి ఎగబడ్డారు. మాట్లాడే యాస బాగుంటే చాలు, వాళ్ల దృష్టిలో ప్రభువే. నేను మాత్రం పాత్రలకి మార్కులు వేశాను. ఆ కోటలో నల్లకోటు వేసుకున్న ఒక్క మనిషిని చిన్నా పెద్దా అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారు. మా వైపు అలా పిలిపించుకోవాలంటే ఎంత పరపతి ఉండాలి? పైగా తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.

“అన్నా, అసలు వారసుడు ఈయనే. చివర్లో బయటపెడతారు చూడు,” అన్నాను.

“ఏమోరా భయ్, నాకైతే ఫంక్షన్ హాల్ మేనేజర్ లెక్క కొడుతుండు,” అన్నాడు వరంగల్ అన్న.

విందు రోజు నల్లకోటుతో వెళ్లి ఆమె పక్క కుర్చీ లాగాను. ఇంగ్లండులో పుట్టి పెరిగిన లైబ్రరీ ఆంటీ నా చేతిలో ట్రే పెట్టి, ఎంతో మర్యాదగా, “కుర్చీ లాగడం సరిగ్గానే లాగారు. కానీ అందులో కూర్చునేది ఆయన,” అంటూ ఒక ప్రభువుని చూపించింది. “మా దగ్గర ఉత్త ఇంటిపేరు పెట్టి పిలిచేది ఇంట్లో పనిచేసేవాళ్లని.”

సూప్ వడ్డించాను, గిన్నెలు తీశాను. ఈ నవల పేదవాళ్ల పక్షాన నిలబడిందని ప్రభువులందరూ ఆవేశంగా వాదించుకుంటూ, నా ముఖం చూడకుండానే గ్లాసులు చాపారు.

కాసేపటికి ఆమె ప్లేటు పట్టుకుని నేనున్న వంటగదిలోకి వచ్చేసింది. “అక్కడ బోర్ కొడుతోందండీ. మీరేం తిన్లేదు గదా, షేర్ చేసుకుందాం.”

“యజమానురాలు ఇటు రాకూడదేమో.”

“ఆ రూల్స్ నాకు తెలీవు. అవునూ, అసలు ఈ రోల్ ఎందుకు తీసుకున్నారు మీరు?”

అంతకన్నా మంచి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. నేను గొంతు సవరించుకుని, పాత్రలవారీగా నా మార్కుల పద్ధతి వివరించడం మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా విని, ప్లేటు కడిగి, “బాగా అనలైజ్ చేశారండీ,” అని వెళ్లిపోయింది.

ఆ సింకు దగ్గర మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అంత తీరిక చూసుకుని కోట వారసత్వం గురించి మాట్లాడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పటికీ వెనకనుంచి కోటు పట్టి లాగాలనిపిస్తుంది. లాగినా ఆగడు లెండి. ఇంకో రెండు పాత్రలు మిగిలి ఉన్నాయంటాడు.