డాక్టరమ్మ దొంగాట

పిల్లల మనోవైద్యంలో డాక్టరమ్మ సంపాదించిన పట్టాలు గోడ మీద ఉంటాయి. ఆవిడ మాత్రం నేల మీద ఉంటుంది. సగం జీవితం చదువుకు ధారపోసి సాధించుకున్న కుర్చీలో ఎలుగుబంటి బొమ్మను కూర్చోబెట్టి, తాను చాప మీద మఠం వేసుకుని, మోకాళ్ళు ఎంత మొరపెట్టుకుంటున్నా వినకుండా, వచ్చిన పిల్లలతో పాము నిచ్చెనల ఆట ఆడుతుంది. ఆటలో ఆవిడకు నీతీ నియమమూ లేవు.

ఆ ఉదయం వచ్చిన పాప ఇంట్లో గోడలు దద్దరిల్లేలా మాట్లాడుతుందట. గడప దాటితే నోరు పెగలదు. బడిలో ఏడాదిగా ఆమె గొంతు ఎవరూ వినలేదు. తల్లి తలుపు పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుంది. డాక్టరమ్మ ఒక్క ప్రశ్నా అడగలేదు. పాచిక వేస్తే రెండు పడింది. రెండు గళ్ళు జరిపితే సరిగ్గా పాము నోరు. ఆవిడ మహా గంభీరంగా కాయను మూడు గళ్ళు జరిపి, ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూసింది. పాప కాయను చూసింది, ఆవిడను చూసింది. కాయ మీద వేలు పెట్టింది.

“దొంగాట!”

“నేనా? సాక్ష్యం ఏదీ?” అంది డాక్టరమ్మ మూతి ముడుచుకుని.

“నేనే సాక్ష్యం! రెండు పడితే మూడు జరిపారు! వెనక్కి పెట్టండి!”

మాట్లాడమని ఏడాదిగా బతిమాలుతున్న తల్లి, అలవాటుకొద్దీ, “తప్పే! పెద్దవాళ్ళతో అలాగేనా?” అని కసిరింది.

“మీరుండండమ్మా, ఇది మా ఇద్దరి తగాదా” అని, డాక్టరమ్మ తలొంచుకుని కాయను పాము నోట్లో పెట్టింది. తోకదాకా జారిపోయిన మనిషి మొహం అంతగా వెలిగిపోవడం ఆ ఆట చరిత్రలోనే లేదు.