పచ్చళ్ల కంపెనీలో ఏరుకొచ్చిన మాటలు

ఉప్పల్ చౌరస్తాలో నిలబడి మా నాయనమ్మ వెంకటనర్సమ్మ ఒక్క కేక వేస్తే, అటు వరంగల్ వాళ్లూ ఇటు పాలమూరు వాళ్లూ తమ ఊరి మనిషే పిలిచిందని వెనక్కి తిరుగుతారు. యూనివర్సిటీలో భాష చదివిన వాళ్లందరినీ ఒకవైపు, ఆమె నాలుకను ఒకవైపు పెట్టి తూస్తే నాలుకే బరువు తూగుతుంది. పదో తరగతి రెండుసార్లు తప్పిన దాన్ని చెబుతున్నాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

నిజానికి ఆమె తొమ్మిదో ఏటే జనగామ పక్కన పల్లె విడిచి నాచారం వచ్చేసింది. నాటు వేసింది లేదు, బర్రెను పిండింది లేదు. యాభై ఏడేళ్లు వచ్చినా పచ్చళ్ల కంపెనీలో సీసాలకు మూతలు బిగిస్తూనే ఉండేది.

2007లో అనంతలక్ష్మి అనే ఆమె స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. పల్లెల నుంచి పట్నం వచ్చిన పెద్దవాళ్లు ఊరి మాటలు ఎంతవరకు నిలుపుకున్నారన్నది ఆమె పీహెచ్‌డీ. ఒక్కో ఊరికి ఒక్కో మనిషిని ఎంచుకుని, వాళ్ల మాటలు టేపులో పట్టుకుని, పటం మీద గుర్తు పెట్టుకునేది. బస్తీలో ఎవరో మా నాయనమ్మ పేరు చెప్పారట. ఎవరో ఏంటి, నేనే.

"మీ ఊళ్లో కోడిపిల్లల్ని మూసే బుట్టను ఏమంటారమ్మా?" అని మొదటి ఆదివారం అడిగింది.

నాయనమ్మ గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. "యాదికొస్తలేదు బిడ్డా. వచ్చే ఐతారం చెప్త."

కంపెనీలో మధ్యాహ్నం ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని డబ్బాలు విప్పుతారు. నల్లగొండ ఆమె పప్పు మెదక్ ఆమె డబ్బాలోకి, ఆమె తొక్కు ఇంకొకరి డబ్బాలోకి పోతుంది. నాయనమ్మ కూరలతో పాటు మాటలు కూడా అడిగి పెట్టించుకుంది. తరువాతి ఆదివారానికి బుట్టకు మూడు పేర్లు తయారు. నాగలి, బండి చక్రం, బర్రెల రోగాలు, ఏది అడిగినా వారం తిరిగేసరికి జవాబు. మరిచిపోకుండా క్యాలెండర్ కాగితం వెనక రాసిపెట్టింది నేనే. అనంతలక్ష్మి తెచ్చే ఉస్మానియా బిస్కెట్లు అంత బాగుండేవి మరి.

నాయనమ్మకు బిస్కెట్ల మీద ఆశ లేదు. కంపెనీలో "ఏయ్ ముసలీ" అని పిలిపించుకునే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు చెప్పండమ్మా" అని ఒకరు రాసుకుంటుంటే ఆమె ముఖం వెలిగిపోయేది.

పదకొండో ఆదివారం అనంతలక్ష్మి సంబరంగా వచ్చింది. "ఒక్క ఊళ్లో ఒక్కో వస్తువుకు ఇన్ని పేర్లు ఎక్కడా దొరకలేదమ్మా. మీ ఊరి మీదే ఒక అధ్యాయం రాశాను. వచ్చే నెల థీసిస్ ఇచ్చేస్తున్నాను."

ఆ రోజు నాయనమ్మ అన్నం ముట్టలేదు.

"కాయితమే గదనే, ఎవలు సదువుతరు?" అన్నాను.

"ఆమె సదువే గది. నా అబద్ధం ఆమె పేరు మీద పోతది" అంది.

తరువాతి వారం స్కూటీ చప్పుడు వినగానే బాత్రూంలోకి దూరి, "నేను లేనని చెప్పు" అంది. "మా నాయనమ్మ బాత్రూంలో లేదు మేడం" అని చెప్పాను. తడి కాళ్లతో బయటకొచ్చి, కుర్చీ ఉండగానే నేల మీద కూర్చుంది.

"అవి మా ఊరి మాటలు గావు బిడ్డా. కంపెనీల ఆడోళ్లను అడిగి చెప్పిన. నాకు ఊరే సక్కగ యాది లేదు."

"ఏవి కావమ్మా?"

"ఒక్కటి గూడ గాదు."

అనంతలక్ష్మి టేపు ఆపింది. కోప్పడలేదు. చాయ్ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "మొదటిరోజే చెప్పాల్సిందమ్మా" అంది. అంతే. తిట్టినా బాగుండేదని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది.

రాసిందంతా తీసేసి మళ్లీ రాసేసరికి అనంతలక్ష్మికి ఇంకో ఏడాది పట్టింది. కంపెనీ గేటు దగ్గరికి వచ్చి ఆ ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడిగి రాసుకుంది. అలా వచ్చిన రోజుల్లో నాయనమ్మ వెనక గోడ సందులోంచి ఇంటికి వచ్చేసేది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్ మార్కెట్లో అనంతలక్ష్మి కనిపించింది. ఏదో కాలేజీలో పాఠం చెబుతోందట. "బాగున్నారా అమ్మా?" అని ఎదురొస్తే, మా ముసలామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వంకాయలు ఏరుతున్నట్టు వంగిపోయింది.

ఇంటికొచ్చాక అన్నాను: "ఆమె డాక్టరయింది, నౌకరి గూడ దొరికింది. ఇంకేందే నీ ఫికర్? నీ మీద మస్తు కథ రాస్త, సదివినోళ్లు కడుపుబ్బ నవ్వాలె."

"నవ్వెటందుకు ఏముందే అందుల? ఆ పిల్లకు నా మూలంగ ఏడాది పోయింది. గది రాయి."