ఒక్క గంటకు ఆగాలి

మా నాయిన బొగ్గుబావిలో హాలేజ్ ఆపరేటర్. కింద ఎవరో తీగ లాగితే పైన ఆయన ఇంజను దగ్గర గంట మోగేది. ఒకటి మోగితే ఆపాలి, రెండు మోగితే ఇనుపతాడుకు కట్టిన బొగ్గు టబ్బులను దించాలి, మూడు మోగితే పైకి లాగాలి. ఉద్యోగమంతా ఆ గంటలు విని తాడు నడిపిన మనిషిని చివరికి ఆ తాడే కొట్టింది. తెగిన కొస ముఖానికి తగిలి రెండు కళ్ళూ పోయాయి. అన్‌ఫిట్ అని రాశారు. క్వార్టర్ ఖాళీ చేసి కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న మా ఊరికి వచ్చేశాం.

మొదట్లో అన్నీ అడిగేవాడు. నీళ్ళు, చెప్పులు, పొద్దెంతయిందని. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. దాహమైనా నోరు విప్పడు. అడిగినన్నాళ్ళూ విసుక్కున్న అమ్మే ఇప్పుడు భయపడింది. నాకూ భయమేసింది. ఎవరినీ అడగకుండా ఆయన చేసుకోగలిగే పని ఒక్కటైనా లేకపోతే, మనిషి మాకు దక్కడనిపించింది.

ఉన్న ఒక్కటీ రేడియో. దాని చెవి తిప్పడానికి కళ్ళు అక్కర్లేదు. కానీ మా ఊరికి సరిగ్గా అందేది ఒకే స్టేషన్, మధ్యాహ్నం కాసేపు అదీ నిద్రపోయేది. అప్పుడు ఆ గరగరనే వింటూ కూర్చునేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

రెండు వేల ఆరేడు ప్రాంతం. నేను ఖమ్మంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఫోను తీగ మీద ఇంటర్నెట్ మా ఊరిదాకా అప్పుడే వస్తే, పాత కంప్యూటర్ ఒకటి కొని ఇంట్లో పెట్టాను. ఎక్కడెక్కడి రేడియోలనో వరసగా చూపించే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికింది. రాత్రింబగళ్ళు పాడే స్టేషన్లు అందులో బోలెడు. చిక్కల్లా ఒక్కటే, వాటిని కళ్ళతో చూసి మౌస్‌తో నొక్కాలి. అయితే ఎవరికి కావలసిన సదుపాయం వాళ్ళు రాసుకుని దానికి తగిలించుకోవచ్చు. అలా తగిలించే చిన్న ప్రోగ్రామునే ప్లగిన్ అంటారు. అది రాయడం నాకు రాదు. నేను చెప్పే పాఠాలు అంతదాకా పోవు. రాకపోతే నేర్చుకుంటాను, అంతేగా అనుకున్నాను.

నేర్చుకున్నాను. స్పేస్‌బార్ ఒకసారి నొక్కితే తర్వాతి స్టేషన్ వచ్చేటట్టు రాశాను. ఏనుగెక్కినంత సంబరంతో నాయినను కుర్చీలో కూర్చోబెట్టి వేలు మీట మీద పెట్టాను.

నొక్కాడు. పాట వచ్చింది. కాసేపు విని, నచ్చక, ఆపుదామని ఒకసారి నొక్కాడు. ఇంకో స్టేషన్ మొదలైంది. మళ్ళీ ఒకటి నొక్కాడు. ఇంకొకటి మొదలైంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఒక్క గంటకు కదులుతదా ఏడనన్న?" అని అరిచాడు. "కింద మనుషులుంటరు. సంపుతవా ఏంది?"

"గిది బావి కాదు నాయినా, రేడియో."

"ఏదైతేంది! నా చెయ్యికి గది ఎరుకనా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి రాస్తే ఇదా బహుమానం అని నేనూ అరిచాను. అమ్మ వాకిట్లోంచే అందుకుంది: "అయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బిడ్డ పట్టినదానికి గవ్వి గూడ లెవ్వు."

కోపం మర్నాడు ఖమ్మం బస్సులో దిగింది. ఆయన చెయ్యి మారదు. మారాల్సింది నేను రాసిందే.

చెప్పినంత తేలిక కాదు. మీట నొక్కగానే ఆపాలా, రెండోది వస్తుందేమోనని చూడాలా? చూస్తూ ఉంటే ఆయన కొట్టిన "ఆగు" ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే ఆయన మళ్ళీ చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళకు మెయిల్ రాశాను. ఆపడానికి వేరే మీట పెట్టుకొమ్మని ఒకాయన జవాబిచ్చాడు. తెలివైన సలహానే, మా ఇంటికి పనికిరాదు. కరెంటు పోయి రాసిందంతా గంగలో కలిసిన రోజు కంప్యూటర్‌ను తిట్టి, కరెంటువాళ్ళను తిట్టి, మళ్ళీ మొదటినుంచి కూర్చున్నాను.

చివరికి దారి దొరికింది. మొదటి గంటకే పాట ఆగిపోవాలి, ఏమైనా సరే. దాని వెంబడే ఇంకోటి మోగితే స్టేషన్ల వరసలో కిందికి దిగాలి, మూడు మోగితే పైకి ఎక్కాలి. ముందు ఆగడం, తర్వాతే కదలడం.

నొక్కినప్పుడల్లా మోగడానికి కంచం మీద గరిటెతో కొట్టి రికార్డు చేశాను. "గిది గంటనా? బువ్వకు పిలిచినట్టున్నది," అన్నాడు నాయిన. బడిలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద కొట్టి మళ్ళీ రికార్డు చేశాను. ఈసారి ఏమీ అనలేదు. మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ మిరపచేనుకు పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో గంట వినిపించింది. రెండు. ఏదో తెలియని భాష. రెండు. వార్తలు. రెండు. ఏమీ లేదు. మళ్ళీ రెండు కొట్టాడు, మళ్ళీ ఏమీ లేదు. నెట్ నెమ్మదించి ఉంటుంది. ఆయన ఇక లేచిపోతాడని, ఇంకెప్పుడూ ఆ మీట ముట్టడని అనిపించింది. సరిచేద్దామని చేతులు తుడుచుకుంటూ పరుగెత్తాను.

నా అడుగుల చప్పుడు విన్నాడు. చెయ్యి మీట మీంచి తీసి, వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టాడు.

గడప దగ్గరే ఆగిపోయాను.

ఆయన మళ్ళీ మీట తడుముకున్నాడు. మూడు కొట్టాడు. నిశ్శబ్దం. కాసేపు ఆగి, మళ్ళీ మూడు. వార్తలు అయిపోయినట్టున్నాయి, ఎక్కడిదో సన్నాయి అందుకుంది. నాయిన కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడైతే మళ్ళీ ఒకటి కొడతాడని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఆ గడప మీదే కూర్చుండిపోయాను.